చూడక పారవేయుట

ఈ నెల మేము వ్రాయబోవు సంగతి చిన్నదిగా కనబడవచ్చును. కంప్యూటరులో నిండిపోయిన అక్కరలేని ఫైళ్లను తీసివేయుట ఆఫీసు గుమాస్తాల పని గదా, ధ్యానము నిమిత్తము ఈ పత్రికను తెరచువారికి దానితో ఏమి పని యని మీలో కొందరు అడుగుదురు. మేమును మొదట ఆలాగే తలంచితిమి. అయితే నేడు మన పల్లెలలో సెంటు పొలము లేని యిండ్లు అనేకములు గాని, ఫోను లేని యిల్లు అరుదు. ఆ ఫోనులో చోటు చాలదను మాటను చూడనివారును అరుదే. ఆ మాట కనబడినప్పుడు మనము ఏది ఉంచుచున్నాము, ఏది పారవేయుచున్నాము, అసలు ఎవరిది పారవేయుచున్నాము అను ప్రశ్నను ఒక వృద్ధురాలు మా యెదుట పెట్టినది. దానికి మేము ఇంకను సరియైన జవాబు చెప్పలేదు. మా తప్పుతోనే మొదలుపెట్టెదము.

గుడి ప్రక్కనున్న గదిలో ఒక కంప్యూటరు కలదు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మన సంఘపు పిల్లవాడొకడు తాను క్రొత్తది కొనుక్కొని, పాతదానిని నాలుగేండ్ల క్రిందట సంఘమునకు ఇచ్చెను. బాప్తిస్మపు సర్టిఫికెట్లు, కానుకల లెక్కలు, క్రిస్మసు కార్యక్రమపు కాగితములు దానిలో టైపు చేయుదమని మా ఉద్దేశము. మన యౌవనస్థులకు మాత్రము అది వేరొక విధముగా ఉపయోగపడెను. ఎవరి ఫోను నిండినను వారు వచ్చి, తీగ తగిలించి, అందులోనిదంతయు ఈ పెట్టెలో క్రుమ్మరించి, ఖాళీ ఫోనుతో సంతోషముగా వెళ్లుచుండిరి. మేము వద్దనలేదు. తలుపు లేని పాకలో ఊరివారందరు తమ విరిగిన నాగళ్లను, కుంటి మంచములను పెట్టి పోయినట్లు నాలుగేండ్లు గడచెను.

గత మే మాసములో ఒక విద్యార్థికి బాప్తిస్మపు సర్టిఫికెట్టు కావలసి వచ్చెను. టైపు చేసితిమి. దాచబోగా డిస్కులో చోటు లేదని కంప్యూటరు చెప్పెను. 500 గిగాబైట్ల డిస్కులో ఒక్క కాగితమునకు చోటు లేదు! యౌవనస్థుల సమాజపు కార్యదర్శిని పిలిపించితిమి. అతడు లెక్క చూచి, ‘అయ్యగారూ, 63 వేల పైచిలుకు ఫైళ్లున్నాయి’ అనెను.

ఆ సాయంకాలము మేమిద్దరము కూర్చుండి కొన్నింటిని తెరచి చూచితిమి. గులాబీ పువ్వు, దాని ప్రక్కన టీ కప్పు, పైన శుభోదయము. సూర్యోదయము, క్రింద ఒక వాక్యము. ఒకే క్రిస్మసు శుభాకాంక్ష ఏ ఫోల్డరు తెరచినను మరల మరల. చొక్కా జేబులో ఉండగా తనంతట తీయబడిన చీకటి ఫోటోలు. నేల ఫోటోలు, ఎవరివో చెప్పుల ఫోటోలు. ఏ ఆకు నమిలితే ఏ రోగము పోవునో చెప్పు వీడియోలు. మాకు నవ్వు వచ్చెను. గులాబీతో వచ్చిన వాక్యమును పంపినవారైనను చదివిరో లేదో యని అనుకొంటిమి. (మేమును అట్టివి పంపుచుందుమని ఇక్కడ ఒప్పుకొనవలెను.)

ఇది మన గదికి మాత్రమే పట్టిన రోగము కాదు. 2018 జనవరిలో అమెరికా దేశపు వాల్ స్ట్రీట్ జర్నల్ అను పత్రిక మన దేశమును గూర్చి ఒక వార్త ప్రచురించెను. ఇండియాలో ఫోన్లు ఇంత త్వరగా నిండిపోవుట ఏలయని గూగుల్ సంస్థవారు శోధింపగా, ప్రతి ఉదయము మనము ఒకరికొకరము పంపుకొను గుడ్ మార్నింగ్ బొమ్మలు అందుకు ఒక ముఖ్య కారణమని తేలెనట. మన దేశములో ప్రతి ముగ్గురిలో ఒకరి ఫోను దినదినము చోటు లేక నిలిచిపోవుచుండగా, అమెరికాలో పదిమందిలో ఒకరికే ఆలాగు జరుగుచున్నదని కూడ ఆ వార్తలో ఉండెను. అట్టి బొమ్మలను ఏరి తీసివేయుటకు తోడ్పడు ఫైల్స్ గో అను సాధనమును గూగుల్‌వారు 2017 డిసెంబరులోనే విడుదల చేసియుండిరి. తెల్లవారగానే ఒకరి క్షేమము ఒకరు తలచుట మంచిదే. అయినను తలచుటకు బదులుగా బొమ్మ పంపుట అలవాటైనప్పుడు, తలంపు పోయి బొమ్మ మాత్రము పెట్టెలో మిగులుచున్నది.

తీసివేయుదమని నిర్ణయించితిమి. పాతవి అను పేరుగల పెద్ద ఫోల్డరులో అందరి ఫోల్డర్లును ఉండెను. మామూలుగా డిలీట్ నొక్కినయెడల ఫైళ్లు రీసైకిల్ బిన్ అను బుట్టలోనికి పోవును. పొరబడినవాడు తిరిగి తీసికొనుటకు వీలుగా 1995 నుండి విండోస్ కంప్యూటర్లలో ఆ బుట్ట ఉన్నది. కాని బుట్టలో ఉన్నంతవరకు చోటు ఖాళీ కాదు. మాకు చోటు ఆ రాత్రియే కావలెను. షిఫ్టు మీటను కూడ పట్టి డిలీట్ నొక్కినయెడల బుట్టతో పని లేక నేరుగా పోవునని కార్యదర్శి చెప్పెను. శాశ్వతముగా తీసివేయవలెనా యని కంప్యూటరు అడిగెను. అవునని నొక్కిన వ్రేలు మాది, అతనిది కాదు.

అంకెలు తగ్గుట మొదలుపెట్టెను. అరువది వేలు, ఏబది వేలు, ముప్పది వేలు. ముప్పావు గంటలో అంతయు ముగిసెను. ఆ ముప్పావు గంట మేము కుర్చీలో వెనుకకు వాలి చూచుచుంటిమి. చాలా సంతోషము కలిగెను. ఇల్లంతయు ఊడ్చి కళ్లాపి చల్లినట్లుండెను. ఆ రాత్రి బాగుగా నిద్రపట్టెను.

మూడు వారములైన తరువాత ఒక బుధవారము మధ్యాహ్నము చెరువు అవతలి పాలెము నుండి ఒక తల్లి ఎండలో నడచి వచ్చెను. ఆమె పెనిమిటి గడచిన సంవత్సరము ప్రభువునందు నిద్రించెను. ముప్పది ఏండ్లు గుడి గంట కొట్టినవాడు. మాటలు తక్కువ మనిషి. ఆయన నోరు తెరచి పదిమందిలో మాటలాడినది మేమెరిగినంతవరకు ఒకేసారి. మూడేండ్ల క్రిందట కోతపండుగ దినమున, గుడి ఆవరణములోని బావిని తన చిన్నతనమున పెద్దలెట్లు త్రవ్విరో పిల్లలకు చెప్పెను. మనవడు దానిని ఫోనులో పట్టెను. తరువాత ఫోను మార్చినప్పుడు పాతదానిలోనిదంతయు అందరివలెనే మన పెట్టెలో పోసెను.

‘అయ్యగారూ, మా ఆయన గొంతు మీ పెట్టెలో ఉందంటగా. మనవడు చెప్పాడు. ఒక్కసారి వినిపిస్తారా?’ అని ఆమె అడిగెను.

ఉన్న సంగతి అప్పుడే చెప్పవలసినది. చెప్పలేదు. ‘వెదికి చూస్తామమ్మా, రెండు రోజుల్లో కబురు పంపిస్తాం’ అంటిమి. మజ్జిగ ఇచ్చి పంపితిమి. ఆ మాటలో అబద్ధమేమియు లేదని ఆ రాత్రి మాలో మేము వాదించుకొంటిమి. ఆ వాదన ఎంతసేపు సాగినను నిద్ర మాత్రము రాలేదు.

మరుసటి దినము కంప్యూటరును సంచిలో పెట్టుకొని గుంటూరునకు పోతిమి. పోయిన ఫైళ్లను తిరిగి తీయు దుకాణములు అక్కడ ఉన్నవి. పోయినది తిరిగి వచ్చుట ఎట్లని మీరు అడుగవచ్చును. దుకాణపు అబ్బాయి చెప్పినదానిని మేము మన భాషలో చెప్పెదము. పూర్వము కరణము అడంగలులో ఒక రైతు పేరు కొట్టివేసి, ఆ చెక్క ఖాళీ యని వ్రాసినంత మాత్రమున పొలములోని పైరు ఆ క్షణమున మాయము కాదు గదా. వేరొకడు వచ్చి దున్నువరకు అది అక్కడనే నిలిచియుండును. డిస్కులో ఏ ఫైలు ఎక్కడున్నదో చెప్పు ఒక పట్టీ కలదు. డిలీట్ నొక్కినప్పుడు ఆ పట్టీలో పేరు కొట్టివేయబడును, అంతే. ఫైలు ఉన్నచోటనే ఉండును. ఆ చోటున క్రొత్తది వ్రాయబడినప్పుడే పాతది నిజముగా నశించును. అందుచేత పొరబాటున ఏదైన తీసివేసినవారు ఆ కంప్యూటరును ఇక ముట్టక నిలిపివేయుట మొదటి పని. ఇటీవలి కంప్యూటర్లలోను ఫోన్లలోను ఉండు చిప్పు రకపు నిల్వ వేరు. ఖాళీ యని వ్రాయబడిన నేలను అది సాధారణముగా తానే త్వరలో దున్నివేయును. మన పాత పెట్టెలో తిరుగుడు డిస్కే గనుక ఆశ కలదని ఆ అబ్బాయి చెప్పి, ‘తీసేసిన తర్వాత దీంట్లో కొత్తవేమైనా ఎక్కించారా?’ అని అడిగెను.

ఎక్కించితిమి. సెలవుల బైబిలు పాఠశాల వీడియోలు, ఒక పెండ్లి వీడియో పూర్తిగా. చోటు దొరికినదను సంతోషముతో దున్నివేసితిమి.

అతడు రెండు దినములు వెదకి 18 వేల ఫైళ్లు తీసెను. పేర్లు లేవు, అంకెలు మాత్రమే. మేము దుకాణములో అతని ప్రక్కన కూర్చుండి తెరమీద చూచితిమి. ఏమి తిరిగి వచ్చెననుకొన్నారు? గులాబీలు వచ్చెను. టీ కప్పులు వచ్చెను. జేబులోని చీకటి వచ్చెను. గంట కొట్టిన ముసలాయన గొంతు రాలేదు.

మరియొకటి వచ్చెను. దానిని గూర్చి వ్రాయుటకు కొంత సంకోచించితిమి. ఎవరు ఏమిటని పోల్చుకొనలేనంతవరకే చెప్పెదము. ఒక అమ్మాయికి ప్రధానము జరిగి, తరువాత ఆ సంబంధము చెడిపోయెను. ఆ దినపు ఫోటో ఒకదానిని చూపి కొందరు ఆమెను వెక్కిరించిరి. గుడి కంప్యూటరులో ఉన్నది తీసివేయుడని ఆమె మమ్మును వేడుకొనగా, వెదకి, ఆమె చెప్పిన ఫోల్డరులోనిదానిని మా చేతితోనే తీసివేసి, ఇక లేదమ్మా యని చెప్పియుంటిమి. ఇప్పుడు గుంటూరు దుకాణములో, ఎవరో పరాయి పిల్లవాని యెదుట, గులాబీల మధ్య అదే ఫోటో మూడు చోట్ల కనబడెను. మరి ముగ్గురి ఫోల్డర్లలో అది ఉండినదని మేమెరుగము. ఒకేసారి 63 వేలు తీసివేసినప్పుడు అవియు పట్టీలోనుండి పోయినవే గాని, నేలలో నిలిచియుండెను.

ఉండుమని ఒకరు కోరినది పోయెను. పోవలెనని ఒకరు కోరినది ఉండెను. ఇంటికి వచ్చు బస్సులో కార్యదర్శి గాని మేము గాని ఒక్క మాట ఆడలేదు.

ఆ సాయంకాలమే పాలెమునకు నడచి పోయి ఆ తల్లితో సంగతి అంతయు చెప్పితిమి. మొదటి దినమున వెదికెదమన్న మాట కూడ సరియైన మాట కాదని చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండెను. ఏడ్వలేదు, కోపపడలేదు. పోనీలెండి యనియు అనలేదు. కొంతసేపటికి, ‘తీసేసేటప్పుడు ఒకసారైనా వినలేదా అయ్యగారూ?’ అని అడిగెను.

ఆమె మమ్మును నిందింపవలెనని అడుగలేదు. నిజముగా తెలిసికొనవలెనని అడిగెను. పోవుచున్న దానిని చివరిసారి ఎవరైనను విని యుందురని ఆమె అనుకొన్నది. మనిషి పోవునప్పుడు మంచము ప్రక్కన ఎవరో ఒకరు ఉందురు గదా, అట్టిదే ఆమె తలంపు. ఎవరును వినలేదు. ఆయన గొంతు 63 వేలలో ఒకటిగా, అంకెలు తగ్గుచుండగా పోయెను.

ఆ మాట విన్న తరువాత యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయము మాకు వేరుగా కనబడుచున్నది. యెహోయాకీము రాజును గూర్చి మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. చలికాలమున కుంపటి యెదుట కూర్చుండి, ప్రవక్త చెప్పగా బారూకు వ్రాసిన చుట్టను ముక్కలుగా కోసి కాల్చినవాడు అతడు. ఎంత కఠినుడని చెప్పుచు వచ్చితిమి. అయితే ఆ కథలో మేము గమనింపని సంగతి ఒకటి ఉన్నది. యెహూది చదువుచుండగా, మూడు నాలుగు పుటలైన తరువాతనే కత్తి పడెను. ఆ రాజు ప్రతి ముక్కను విని, ఆ తరువాత కాల్చెను. ఏమి కాల్చుచున్నాడో ఎరిగి కాల్చెను. మేము వినలేదు. మంచివారమని పేరుగల మేము, ఆ దుష్టుడైన రాజు చేసినంత మర్యాదయైనను చేయలేదు.

మన పెద్దల దినములలో ఈ చిక్కు లేదు. వారు తక్కువ దాచుకొనిరి. దాచుకొన్నదానిలో సగము చెదపురుగులు తినెను, కొంత వానకు తడిసెను, కొంత ఎలుకల పాలాయెను. ఏది ఉండవలెనో ఏది పోవలెనో నిర్ణయించు భారము చాలవరకు పురుగులు, వాన మోసెను. అరణ్యములో మన్నాను మరునాటికి దాచినవారికి అది పురుగు పట్టి కంపు కొట్టి బుద్ధి చెప్పెను. కంప్యూటరులోని చెత్తకు కంపు లేదు. నాలుగేండ్లైనను, నలుబది వేలైనను గదిలో అడుగుపెట్టినవానికి ఏమియు తెలియదు. దాచవలెనని ఎవరును తలంపకయే అన్నియు దాచబడుచున్నవి. ఎవరును తలంపక దాచినవి గనుక ఎవరును తలంపకయే పారవేయబడుచున్నవి. ఈ రెండును ఒకే గుణమని మాకు తోచుచున్నది. మొదటిదానిని మనము జాగ్రత్త యనియు, రెండవదానిని శుభ్రత యనియు పిలుచుకొనుచున్నాము.

మా తల్లి పోయిన తరువాత ఆమె ట్రంకు పెట్టె సర్దుటకు మాకును మా అక్కయ్యకును రెండు దినములు పట్టెను. పట్టుమని పది చీరెలు, రెండు కండ్లజోళ్లు, కొన్ని ఉత్తరములు, ఒక డబ్బాలో బొత్తాములు. అంతే. అయినను రెండు దినములు. ఏలయనగా ప్రతి వస్తువు చేతిలోనికి వచ్చి, ఇది ఫలాని పెండ్లికి కట్టినది, ఇది ఫలాని జ్వరమప్పుడు కప్పుకొన్నది అని చెప్పించుకొని గాని ప్రక్కకు పోలేదు. చాలవరకు ఇచ్చివేసితిమి, పారవేసితిమి కూడ. నడుములు నొచ్చెను. అక్కడ రెండు దినములు, ఇక్కడ ముప్పావు గంట. కుర్చీలో మాకు కలిగిన ఆ సంతోషమును ఇప్పుడు తలచుకొనగా, శ్రమపడకుండ శుభ్రము చేసితిమనుటయే అందులో ఎక్కువ పాలు అనిపించుచున్నది.

పెద్ద పెద్ద చోట్లను ఇట్టివి జరిగినవి. 1969 జూలైలో మనుష్యుడు చంద్రునిమీద అడుగు పెట్టినప్పుడు భూమికి చేరిన సంకేతములను నేరుగా పట్టిన మూల టేపులు కొన్ని ఉండెను. లోకమంతయు టెలివిజనులో చూచిన చిత్రము కంటె స్పష్టమైన చిత్రము వాటిలో ఉండెను. ఏండ్ల తరబడి వెదకిన పిమ్మట నాసా సంస్థవారు 2009లో, ఆ టేపులు వేలకొలది ఇతర టేపులతో పాటు తుడిచివేయబడి తిరిగి వాడబడియుండునని ప్రకటించిరి. టేపులకు కొరత కలిగినందున జరిగినది. ఎవరికిని దురుద్దేశము లేదు, చోటు కావలెను, అంతే. వారికిని ఆలాగు జరిగినది గనుక మా తప్పు తేలికపడునని మేము చెప్పుట లేదు. చోటు కావలెనను తొందర ఎంతటివారికైనను వచ్చునని మాత్రము చెప్పుచున్నాము.

సంఘ పెద్దలలో ఒకరు ఈ సంగతి విని, ‘ఇంకో డిస్కు కొంటే సరిపోయేదిగా అయ్యగారూ, ఏదీ తీసెయ్యక్కర్లేదు’ అనిరి. నిజమే, కొన్ని వేల రూపాయలతో అయ్యెడిది. ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. కొట్లు విప్పి పెద్దవి కట్టించుకొన దలచిన ధనవంతుని ఉపమానము నోటి చివర వరకు వచ్చినది గాని, తప్పు చేసినవాడు ఉపమానములు చెప్పరాదని ఊరకుంటిమి. ఆయన చెప్పినట్లు చేసియుంటే ఆ గొంతు ఈ దినము ఉండెడిది. ఇది కాదనుటకు లేదు. ఇంకొక సంగతియు కలదు. మనవడు దానిని మూడేండ్లలో ఒక్కసారియైనను తెరవలేదు. తాత పోయిన దినమునను తెరవలేదు. ఆ ఫైలు పేరు ఏమియో అతనికి జ్ఞాపకము లేదు. అరువది వేల గులాబీల క్రింద ఉన్నంతకాలము అది ఉన్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్నతో మా తప్పును కప్పుకొనగోరము. అవ్వ వచ్చి అడిగినది గదా! అడుగు మనిషి ఒకరున్నంతవరకు అది ఉన్నట్టే.

ఒక సంవత్సరము వాడని వస్తువును ఇంట ఉంచరాదని సలహా చెప్పు పుస్తకములు నేడు అనేకములు వచ్చుచున్నవి. చీరెలకు, గిన్నెలకు అది సరిపోవచ్చును. మూడేండ్లు ఎవరును ముట్టనిదానికై నాలుగవ ఏట ఒక విధవరాలు మైలు దూరము నడచి వచ్చును. మాకు ఉపయోగము లేదని మేము తీసితిమి. ఉపయోగము ఎవరికని అడుగలేదు. ఆ గదిలోని 63 వేలలో మావి మూడు నాలుగు వందలకు మించవు.

ఆ అమ్మాయి సంగతి వేరు. ఆమె విషయములో తీసివేయుటయే దయ, ఉంచుటయే క్రూరత్వము. అన్నియు ఉండవలెననువారు ఆమె స్థానములో నిలిచి చూడవలెను. స్పెయిన్ దేశస్థుడొకడు, తన పాత అప్పుల నిమిత్తము ఆస్తి వేలమునకు వచ్చినదను 1998 నాటి పత్రికా ప్రకటన, తన పేరు వెదకినప్పుడెల్ల ఇంకను కనబడుచున్నదని మొరపెట్టగా, 2014లో ఐరోపా సమాజపు న్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పెను. మన దేశములోను 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో, తన సమాచారమును తుడిచివేయుమని కోరు హక్కు చెప్పబడినది. తీరిన అప్పు కాగితమును చింపివేయు ఆచారము మన ఊళ్లలో ఎప్పటినుండియో ఉన్నదే. ఆమెకు మేము ఇక లేదమ్మా యని చెప్పినప్పుడు చింపినది నాలుగు ప్రతులలో ఒకటి మాత్రమే. తీసివేయుట కూడ చూచి చేయవలసిన పని. గుంటూరులో తిరిగి వచ్చిన ఆ మూడింటిని, డిస్కులోని ఖాళీ చోటంతటిని క్రొత్త వ్రాతతో నింపి అడుగంట తుడిపించితిమి. ఊళ్లో ఎవరి ఫోనులలో ఇంకను ఉన్నదో దానికి మేమేమియు చేయజాలము. ఇది చదువుచున్నవారిలో ఎవరి ఫోనులోనైన ఉన్నయెడల వారే చేయవలెను. ఆమెకును ఉన్న సంగతి చెప్పితిమి. ఆమె మమ్మును చూచి తల ఊపినది గాని నమ్మినట్లు లేదు.

తిరిగి వచ్చిన 18 వేలను ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలెను. ఈసారి మూడు ఆదివారములు ఆరాధన తరువాత ప్రకటించితిమి. మీ పిల్లలు పోసినవి మీరు వచ్చి చూచుకొనుడని చెప్పితిమి. మొదటి వారము ముగ్గురు వచ్చిరి. రెండవ వారము గది పట్టలేదు. ఒక తండ్రి తన కుమార్తె మొదటి అడుగులు వేసిన వీడియో కనబడగా గట్టిగా కేకవేసెను. తనదని చెప్పుకొను గులాబీ ఒక్కరికిని లేదు. కంప్యూటరు అచ్చుగ్రుద్దినట్లున్న ప్రతులను తానే పోల్చి చెప్పగలదు గనుక ఆ పని దానికే అప్పగించితిమి. అయితే ఒక హెచ్చరిక. కెమెరాతో తీసిన ఫోటోయు, వాట్సాప్‌లో వచ్చిన దాని ప్రతియు మన కంటికి ఒకటే గాని, వాట్సాప్ మామూలుగా దానిని కుదించి పంపును. చూడక తీసివేయువారు పలుమారు మంచిదానిని పారవేసి కుదించినదానిని ఉంచుకొందురు. పెన్ డ్రైవునుండి తీసివేసినది కూడ సాధారణముగా బుట్టలోనికి పోదు, నేరుగా పోవును. ఈ సంగతి మాకు ముందు తెలియదు.

గొంతులున్న ఫైళ్లను మాత్రము ఒక్కొక్కటి విని, ఎవరివో పేరు వ్రాసి, రెండు ప్రతులు తీసి ఒకటి గదిలోను ఒకటి మరియొక యింటిలోను ఉంచితిమి. 1998లో టాయ్ స్టోరీ అను బొమ్మల సినిమా రెండవ భాగము తయారగుచుండగా, ఎవరో పొరబాటున ఒక ఆజ్ఞ టైపు చేసినందున దాని ఫైళ్లు చాలమట్టుకు పోయెను. జాగ్రత్తకై తీసిన ప్రతులును సరిగా లేవు. ఆ సంస్థలో పని చేయు ఒక బాలింతరాలు ఇంటినుండి పని చేయుటకై ఒక ప్రతిని ఇంటి కంప్యూటరులో ఉంచుకొన్నందున సినిమా దక్కెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో పసిపిల్లవలె తెచ్చిరట. రెండవ ప్రతి వేరొక యింట ఉండవలెనని మాకు ఆ కథయే నేర్పెను.

ఎవరును తమదని చెప్పని 11 వేలను మూడవ ఆదివారము సాయంకాలము తీసివేసితిమి. ఫోల్డరు ఫోల్డరుగా తెరచి, చూచి, తీసితిమి. రాత్రి పదకొండైనది. ఈసారి సంతోషమేమియు కలుగలేదు, కండ్లు మాత్రము మండెను.

ప్రవక్త చుట్టను కాల్చినప్పుడు బారూకు మరియొక చుట్టమీద ఆ మాటలన్నియు తిరిగి వ్రాసెను, ఇంకను అనేక మాటలు కలిపెను. ఆ తల్లి యొద్ద ఈ మాట ఎత్తుటకు మాకు నోరు రాలేదు. మాటలు తిరిగి వ్రాయవచ్చును, గొంతును తిరిగి వ్రాయుట లేదు. అయితే గడచిన ఆదివారము ఆరాధన తరువాత ఆమెయే మనవని వెంటబెట్టుకొని గదికి వచ్చెను. ‘బావి సంగతి నాకూ తెలుసు. ఆయన వందసార్లు చెప్పాడు. నేను చెబుతా, పట్టుకోండి’ అనెను. చెప్పెను. మొదట రాయి అడ్డము వచ్చినదనెను, కాదు మొదట తాడు తెగినదని దిద్దుకొనెను, మధ్యలో ఎవరి పొలము తగవో చెప్పి కోపపడెను. పదునాలుగు నిమిషములైనది. తిరిగి వినిపించితిమి. తల వంచుకొని చివరి వరకు విన్నది.

‘చెప్పింది సరిగ్గానే ఉంది. కానీ ఇది నా గొంతేగా అయ్యగారూ’ అనెను.

మేము ఏమియు అనలేదు. మనవడు దీనికి తాత పేరు పెట్టనా, నీ పేరు పెట్టనా నాయనమ్మా యని అడిగెను. ఆమె అప్పటికే లేచి గుమ్మమునొద్ద చెప్పులు వెదకుకొనుచుండెను. ‘బావి అని పెట్టరా’ అనెను.